బడికో మట్టి గురువు

విద్యాశాఖ మంత్రిగారు ఆ రోజు మైకు ముందు అరగంట నిలబడి, ఇంతవరకూ ఏ మేధావికీ తట్టని సంగతి ఒకటి బయటపెట్టారు. పూర్వం రాజకుమారులకు విలువిద్య నేర్పిన ఆచార్యులవారు ఒక అడవి కుర్రవాణ్ణి శిష్యుడిగా చేర్చుకోనన్నారట. వాడు ఆయన మట్టిబొమ్మ చేసి ఎదురుగా పెట్టుకుని, విద్యలో రాజకుమారుల్నే మించిపోయాడట.

"దీన్నిబట్టి ఏం తెలిసింది? గురువు అక్కర్లేదు, బొమ్మ చాలు" అన్నారు మంత్రిగారు.

చప్పట్లు మోగిపోయాయి. ఆ కథలో బొటనవేలి ఘట్టం కూడా ఉంది గాని, ఆయనకు ఇంకో సభ ఉండటంతో అంతదాకా రాలేదు.

శాఖలో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పంతుళ్ల పోస్టులన్నీ ఆ దెబ్బతో భర్తీ అయిపోయాయి. నేను బంట్రోతుగా ఉన్న బడికి కూడా ఒక గురువుగారు గడ్డి చుట్టుకుని లారీలో వచ్చారు. నిలువెత్తు విగ్రహం, బారెడు గడ్డం, చేతిలో బాణం. "మంచి స్థితిలో చేరినది" అన్నచోట సంతకం పెట్టాను. పాతికేళ్ల సర్వీసులో ఏ పంతులుగారి విషయంలోనూ నేను అంత ధైర్యం చేయలేదు.

చిక్కల్లా మా పంతులమ్మతో వచ్చింది. అయిదు తరగతులు, నలభై ముగ్గురు పిల్లలు, అందరికీ ఆవిడ ఒక్కతే. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. పోస్టు భర్తీ అయింది కనుక రేపటినుంచి రానక్కర్లేదని ఆవిడకు ఉత్తర్వు వచ్చింది. ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, "భాగహారం సగంలో ఉంది బాబాయ్" అంది.

పరుగున వెళ్లి తనిఖీ అధికారిగారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన మనసున్న మనిషి. రూలంటూ ఉంటే ఎంత సాయమైనా చేస్తారు. పాఠం చెప్పడానికి మనిషిని పెట్టే రూలు ఇప్పుడు లేదన్నారు. ప్రభుత్వ ఆస్తి మీద దుమ్ము పడితే దులపడానికి మాత్రం పెట్టుకోవచ్చట. అలా మా పంతులమ్మ తన రెండు డిగ్రీలూ దరఖాస్తుకు జతచేసి, దుమ్ము దులిపే మనిషిగా మళ్లీ టెంపరరీగానే చేరింది. పొద్దున్నే గురువుగారి గడ్డం ఓసారి తుడిచి, అదే గుడ్డతో నల్లబల్ల తుడిచి, భాగహారం మొదలుపెట్టేది.

ఇక హాజరు సంగతి. మా బడిలో వేలిముద్ర యంత్రం ఉంది. గురువుగారి వేలికి గీతలు లేవు. పాపం, కదలకుండా నిలబడి కూడా మూడు రోజులు ఆబ్సెంటు పడి మెమో తెచ్చుకున్నారు. దాన్ని ఆయన పాదాల దగ్గర పెట్టాను గాని ఆయన సంజాయిషీ ఇవ్వలేదు. చివరికి పైవాళ్ల సలహా మీద, రోజూ నా బొటనవేలే ఇచ్చుకుంటున్నాను. ఆచార్యులవారికి ఈ సేవ చేసినవాళ్లలో నేను రెండోవాణ్ణి అనుకుంటాను.

సంవత్సరాంత పరీక్షల్లో మా బడి అన్నిటికంటే పైన నిలిచింది. ఉత్తమ ఉపాధ్యాయ బిరుదు విగ్రహానికి ఇచ్చారు. మంత్రిగారు స్వయంగా వచ్చి శాలువా కప్పారు. ఫోటో తీసేటప్పుడు, గుడ్డ పట్టుకుని నిలబడ్డ పంతులమ్మను కాస్త పక్కకు జరగమన్నారు. ఆవిడ నవ్వుతూ జరిగింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ ఊపులోనే మంత్రిగారు తన మనవణ్ణి మా బడిలో చేర్పిస్తున్నట్టు ప్రకటించారు. లెక్కల ధర్మమా అని ఆ పిల్లవాడు అప్పటికే మూడు బడులు మారాడని డ్రైవరు నా చెవిలో వేశాడు. మా దగ్గర చేరిన నెలకల్లా ఎక్కాలు గడగడ అప్పజెప్పేశాడు. విగ్రహం మహిమ గురించి పేపర్లు మళ్లీ రాశాయి.

ఒకరోజు పంతులమ్మ జ్వరం వచ్చి బడికి రాలేదు. మనవణ్ణి దింపడానికి మంత్రిగారి కారు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి పి.ఎ.గారు తల బయటపెట్టి, గురువుగారు ఉన్నారా అని అడిగారు.

"ఉన్నారండీ. ఆయన సెలవే పెట్టరు" అన్నాను.

పి.ఎ.గారు దిగి, గుమ్మంలోంచి తొంగిచూశారు. లోపల గురువుగారు శాలువాతో సహా ఉన్నారు. పిల్లలు మాత్రం బల్లలెక్కి గెంతుతున్నారు. పి.ఎ.గారు గబగబా వెనక్కి వచ్చి, అబ్బాయిని కారు దిగొద్దన్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, వానలూ ఎండలూ గురించి కాసేపు మాట్లాడారు. చల్లకొచ్చి ముంత దాచడం దేనికని నేనే అడిగాను.

"ఎవరు కావాలండీ?"

"అదేనయ్యా, ఆ దుమ్ము దులిపే ఆవిడ."

"జ్వరమండీ."

కారు వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మూడో రోజుకు ఉత్తర్వు వచ్చింది. ఉత్తమ ఉపాధ్యాయులవారి మీద ఒక్కపూట దుమ్ము నిలిచినా శాఖ గౌరవానికి భంగం కనుక, మా బడిలో దుమ్ము దులిపే పోస్టును పర్మనెంటు చేశారు. పంతులమ్మ చదివి కళ్లు తుడుచుకుంది. ఆవిడకు జ్వరం వచ్చిన రోజుల్లో దులపడానికి ఇంకొకరిని కూడా వెంటనే తీసుకోమని కింద ఉంది. అర్హత, లెక్కల్లో డిగ్రీ.