రేడియోకూ టాబ్లెట్‌కూ జత కుదిర్చిన విధానము

మనిషి పక్షిని చూసి ఎగరడం నేర్చుకున్నాడు. పర్మిషన్ తీసుకోవడం మాత్రం పక్షికి ఇంతవరకు చేతకాలేదు. నాగరికత అంటే ఆ తేడాయే.

మా మామయ్య నాలుగు సీట్ల చిన్న విమానం నడుపుతాడు. ప్రతి గురువారం ఒక డాక్టరమ్మను ఎక్కించుకుని, రోడ్డు లేని కొండ మీది ఊరికి తీసుకెళ్తాడు. ఆ ఊళ్ళోనే మా పెద్దమ్మ, అంటే ఆయన అక్క, కాలి పుండుతో మంచం పట్టింది. వారం వారం చూసి కట్టు మార్చకపోతే కాలు దక్కదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

ఒక గురువారం పొద్దున విమానంలో కొత్త రేడియో బిగించారు. టవర్‌తో మాట్లాడాలంటే పాతదానికి నాబ్ తిప్పి అంకెలు పెట్టుకోవాలి. కొత్తదానికి ఆ ఖర్మ లేదు. దారి చూపే యాప్ ఉన్న టాబ్లెట్‌తో దాన్ని బ్లూటూత్‌లో కలిపితే, మ్యాప్ మీద వేలు పెట్టగానే అంకెలు వాటంతటవే వెళ్ళి రేడియోలో కూర్చుంటాయి. (నాబ్ దీనికీ ఉంది. అది అలంకారమని సర్క్యులర్‌లో రాశారు.)

కలపడం కూడా పెద్ద పనేం కాదు. రెండింటి మీదా ఒకే ఆరంకెలు కనిపిస్తాయి. ముప్పై సెకన్లలో రెండు చోట్లా 'అవును' నొక్కాలి. మామయ్య నొక్కబోయాడు.

"ముట్టుకోకండి సార్," అన్నాడు రేడియో మెకానిక్. "రేడియో మా సెక్షన్‌ది. టాబ్లెట్ కంప్యూటర్ సెక్షన్‌ది."

"నేను పైలట్‌ని కదయ్యా."

"అందుకే చెప్తున్నాను సార్."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులు ముగ్గురు. రూల్ పదకొండు ప్రకారం రేడియోలోని అంకెలను మెకానిక్ తన రిజిస్టర్లో రాయాలి, టాబ్లెట్‌లోవి కంప్యూటర్ సెక్షన్ ఆపరేటరమ్మ తన రిజిస్టర్లో రాయాలి. రెండో అంతస్తులోని అనుసంధాన అధికారి రెండు రిజిస్టర్లూ పోల్చి సంతకం పెట్టాకే 'అవును' నొక్కాలి. హ్యాంగర్ నుంచి ఆయన గదికి ఏడు నిమిషాల నడక. (పరిగెత్తితే ఐదు. పరిగెత్తరాదని రూల్ పన్నెండు.)

మొదటిసారి సంతకంతో తిరిగొచ్చేసరికి అంకెలు మారిపోయాయి. రెండోసారీ అంతే. తొమ్మిదోసారికి ఆపరేటరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. అధికారిగారు మాత్రం ప్రతిసారీ కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసి మరీ సంతకం చేశారు. ఆయన పనికి వంక పెట్టేవాడి కళ్ళు పోతాయి.

డాక్టరమ్మ మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని హ్యాంగర్లోనే కూర్చుంది. "ఆ నాబ్ ఏదో తిప్పుకుని వెళ్ళలేమా?"

"ముప్పై ఏళ్ళు తిప్పానండీ," అన్నాడు మామయ్య. "ఇప్పుడు తిప్పితే లైసెన్స్ పీకేస్తారట. జత కుదరని విమానం విమానమే కాదట."

ఇక లాభం లేదని ఆయన మెట్లెక్కాడు. వెనక నేనూ వెళ్ళాను.

"అయ్యా, ఆ అంకెలు ముప్పై సెకన్లే ఉంటాయి. మీరే ఒకసారి కిందికి రండి."

"నేను దిగితే ఈ సీటు ఖాళీ అవుతుంది. ఖాళీ సీటు సంతకం పెట్టలేదు కదండీ," అన్నారు అధికారిగారు ఎంతో మర్యాదగా.

"అక్కడ మా అక్క కాలు పోయేలా ఉందండీ."

"కాలు ఆరోగ్య శాఖ పరిధి. అయినా నా గుండె రాయేం కాదు. రేడియోనే పైకి తెప్పిస్తాను."

రేడియోను ఊడదీసి, బ్యాటరీతో సహా మోసుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టారు. పక్కనే టాబ్లెట్. అంకెలు వచ్చాయి, రాశారు, పోల్చారు, సంతకం పడింది, నొక్కారు. మొత్తం ఇరవై ఎనిమిది సెకన్లు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ కొట్టాను.

మామయ్య రేడియోను ఎత్తబోయాడు.

"ఎక్కడికండీ?"

"విమానంలోకి."

"రూల్ పద్నాలుగు చూడలేదా? కుదిరిన జతను కుదిరిన చోటు నుంచి కదిపితే అనుసంధానం రద్దవుతుంది. మళ్ళీ మొదటికి వస్తుంది."

మామయ్య గోడకు చేరగిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ముఖం అంత వాడిపోవడం నేను చూడలేదు.

గురువారం సర్వీసు ఆగితే అధికారిగారికి మచ్చ. అదృష్టవశాత్తు, సాధన చేసుకునేవాళ్ళ కోసం యాప్‌లో ఉత్తుత్తి ప్రయాణం ఉంది. ఆపరేటరమ్మ చేత దాన్ని నొక్కించారు. మ్యాప్ మీద బొమ్మ విమానం లేచి, కొండలు దాటి, పెద్దమ్మ ఊళ్ళో పది నిమిషాలు ముందే దిగింది. దారి పొడవునా రేడియోలో అంకెలు చక్కగా మారాయి. సర్వీసు నెరవేరినట్టు రాసుకున్నారు. డాక్టరమ్మ సాయంత్రం దాకా చూసి ఇంటికి వెళ్ళిపోయింది.

తర్వాతి మూడు గురువారాలూ బొమ్మ విమానం ఆలస్యమన్నది ఎరగకుండా వెళ్ళొచ్చింది. విమానం వెళ్ళిందంటే డాక్టరు వెళ్ళినట్టే, డాక్టరు వెళ్ళిందంటే కట్టు మార్చినట్టేనని ఆరోగ్య శాఖవారు కూడా తమ రికార్డు నింపుకున్నారు. నిన్న మామయ్య ఫోన్ చేస్తే, కాలు మోకాలి దాకా నల్లబడిందని పెద్దమ్మ చెప్పింది.

ఈ రోజు ఉత్తర్వు వచ్చింది. నాలుగు వారాల క్రమం తప్పని వైద్యం వల్ల ఆ ఊళ్ళో రోగులందరూ కోలుకున్నందున, గురువారం సర్వీసును రద్దు చేశారు.