బువాఫన్ పొలంలో అచ్చమైన వ్యవసాయం

ఈ దేశంలో వ్యవసాయ చరిత్రను ఇకమీదట రెండు భాగాలుగా చదువుకోవాలని, మే నెల పదహారో తేదీకి ముందుది ఒకటి, తర్వాతది ఒకటి అని, జిల్లా డిప్యూటీ అధికారి పైరోట్ గారు మైకులో ప్రకటించారు. ఆ రోజే బాన్ నోంగ్‌మక్ ఊళ్లో 'అచ్చమైన రైతు జీవితం' అనే అనుభవ ప్రాజెక్టు మొదలైంది. దేశదేశాల యాత్రికులు వచ్చి, బురదలో దిగి, నాగలి పట్టి, నాట్లు వేసి, గేదెను కడిగి, సర్టిఫికెట్ పుచ్చుకుని వెళ్తారు. ఉపన్యాసం గంటా పది నిమిషాలు సాగింది. అందులో వరి అనే మాట నాలుగుసార్లు, విజన్ అనే మాట ముప్పై ఒక్కసార్లు వచ్చింది. లెక్కపెట్టింది బువాఫన్. అంతసేపూ ఆవిడకి వేరే పని లేదు. కుర్చీలన్నీ ఆవిడ పొలంలోనే, నారుమడికి వెళ్లే దారికి అడ్డంగా వేశారు.

బువాఫన్‌కి అరవై రెండేళ్లు. ఐదు రాయ్‌ల పొలం, అంటే రెండెకరాలు, రెండు మోకాళ్ల నొప్పులు, మలి అనే గేదె, ఇంటి వెనక చెక్కల గాదె, ఇదీ ఆస్తి. ఏడాది పొడుగునా తినే జిగురు బియ్యం ఆ పొలంలో పండి, ఆ గాదెలోకి ఎక్కాల్సిందే. బియ్యం కొనుక్కు తినడమంటే ఆవిడకి మహా నామోషీ. భర్త పోయిన ఏడు కూడా పదో రోజుకల్లా నారు పీకడానికి వంగిన మనిషి.

ప్రాజెక్టుకి ఆవిడ పొలాన్నే ఎంచుకోవడానికి కారణం మలి. ఊరు మొత్తానికి మిగిలిన గేదె అదొక్కటే. మిగతా వాళ్లంతా ఇరవై ఏళ్లుగా ఇనుప దున్నలతోనే దున్నుకుంటున్నారు. రెండు చక్రాలు, ఒక ఇంజను, పట్టుకోవడానికి రెండు పొడుగాటి కొమ్ములు ఉన్న బండి అది. నిజానికి బువాఫన్ కూడా దాంతోనే దున్నించేది. మలిని పెంచేది ముద్దుకి.

"పెద్దమ్మా, ఐదు రాయ్‌లూ దున్నేది వాళ్లే, నాటేది వాళ్లే. నువ్వు గట్టు మీద నిలబడి నవ్వు, చాలు" అన్నారు పైరోట్ గారు.

ఇంత మంచి బేరం ఎవరు కాదంటారు? బువాఫన్ వేలిముద్ర అడిగితే సంతకమే పెట్టింది.

ప్రాజెక్టుకి నియమం ఒక్కటే. యంత్రం కంటికి కనబడకూడదు, చెవికి వినబడకూడదు. కనబడితే అచ్చదనం దెబ్బతింటుందని ఫైల్లో రాసుకున్నారు. ఊళ్లో ఉన్న ఇనుప దున్నలన్నిటినీ కాలవ అవతలికి తోలించారు. తోలడానికి వీల్లేని ఒకదాని మీద టార్పాలిన్ కప్పి, పైన పూలకుండీ పెట్టించారు. ఇంత సూక్ష్మంగా ఆలోచించే అధికారి దొరకడం జిల్లా చేసుకున్న పుణ్యం.

ఇక మలికి దుక్కి నేర్పాలి. అది పుట్టి తొమ్మిదేళ్లయినా కాడి మొహం చూడలేదు. గుడి సామాన్ల గదిలోంచి పాత నాగలి ఒకటి తెచ్చి, బువాఫన్ తన చిన్ననాటి విద్యంతా గుర్తు చేసుకుని, పది రోజులు తంటాలు పడింది. మొదటి మూడు రోజులూ మలి బురదలో పడుకుని లేవలేదు. నాలుగో రోజు లేచింది, కానీ ఇంటి వైపు నడిచింది. పదో రోజుకి మాత్రం గట్టు నుంచి గట్టుకి తిన్నగా ఒక చాలు తీసింది. బువాఫన్‌కి కళ్లు చెమర్చాయి. జూన్‌కల్లా దుక్కులు, జూలైకల్లా నాట్లు, ఈ ఏడు గాదె పొంగిపోతుందని ఎదురుపడిన వాళ్లందరికీ చెప్పుకుంది.

తొలి బృందం వచ్చిన రోజు టైమ్‌టేబుల్ బోర్డు పెట్టారు. తొమ్మిదింటికి గేదెకి క్షమాపణ పూజ. పదిన్నరకి దుక్కి. పన్నెండుకి భోజనం. రెండింటికి నాట్లు. తొమ్మిదింటికే పూజ ఎందుకంటే ఫొటోలకి ఆ వెలుతురు బాగుంటుందట. బువాఫన్ బోర్డు చదువుకుని వచ్చేసరికే గవర్నరు గారి భార్య మలి ముందు మోకాళ్ల మీద కూర్చుని, పూలూ ఉడకబెట్టిన గుడ్డూ జిగురన్నమూ పెట్టి, కొమ్ములకి తెల్లదారం కట్టేసి, క్షమించమని అడగడం పూర్తిచేశారు. కెమెరాలు తృప్తిపడ్డాయి.

బువాఫన్ పైరోట్ గారిని పక్కకి పిలిచింది.

"అయ్యగారూ, ఆ పూజ దుక్కులన్నీ అయ్యాక చేసేది. తిట్టాను, కొట్టాను, ఎండలో తిప్పాను, మనసులో పెట్టుకోకు తల్లీ అని అడుగుతాం. అడిగాక ఆ ఏడు ఇక దాని మెడ మీద కాడి వెయ్యకూడదు."

"వేస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. మనం సిగ్గులేని మనుషులమవుతాం."

పైరోట్ గారు మార్గదర్శకాల పుస్తకం తిరగేశారు. సిగ్గు గురించి అందులో ఏమీ లేదు. అయినా ఆయన సంప్రదాయాన్ని గౌరవించే మనిషి, పైగా గవర్నరు గారి భార్య అడిగిన క్షమాపణని వెనక్కి తీసుకోమని ఎవరు చెబుతారు? తొమ్మిది మందితో కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు కూర్చుని, రెండుసార్లు భోంచేసి, గేదె దున్నకూడదు గనక నాగలిని యాత్రికులే లాగాలని తేల్చింది. ఆ కార్యక్రమానికి 'గేదె దృష్టికోణం' అని పేరు పెట్టి, దానికి వేరే సర్టిఫికెట్ అచ్చు వేయించారు.

జనం విరగబడ్డారు. నలుగురేసి కాడి కింద మెడపెట్టి లాగుతుంటే, వెనక మేడి పట్టుకుని బువాఫన్. నార్వే నుంచి సోల్‌వే అనే రిటైరైన పంటి డాక్టరమ్మ వచ్చింది. ఇలాంటి అనుభవాలు అంతకు ముందే మూడు చోట్ల పొందిన మనిషి. ఆవిడ మోకాలి లోతు బురదలో కూలబడి, నలభై ఏళ్ల వృత్తిలో ఇంత మనశ్శాంతి ఎరగనని ఏడ్చింది. గైడుగా పెట్టిన ఒరథై, పక్కింటి వాళ్లమ్మాయే, ఆ మాటలు తర్జుమా చేసి చెప్పింది. అయితే ఆవిడని రేపు కూడా రమ్మను, మిగతా వాళ్లకన్నా తిన్నగా లాగుతోంది అంది బువాఫన్.

కానీ మనుషులు లాగితే ఎంత లాగుతారు? పూటకి చాప వెడల్పు నేల తిరగబడితే గొప్ప. జూలై సగానికి పొలంలో ఒక్క మూల, అర రాయ్ మాత్రం దమ్ముకి వచ్చింది. ఇటు మలి మాత్రం అరటిపళ్లు తింటూ, కొబ్బరిచెట్ల నీడలో నిలబడి ఆ దుక్కి అంతా చూస్తూండేది. పూజ రోజూ రెండుసార్లు జరిగేది. పదకొండు దేశాల వాళ్లు వరసగా క్షమాపణలు అడిగేసరికి దానికి కొంచెం అధికారి తరహా వచ్చింది. పువ్వు పెట్టందే పక్కకి జరగడం మానేసింది.

ఆ అర రాయ్‌లోనే నాట్లు. పొద్దున బృందం నాటేది. మధ్యాహ్నం బృందానికి కూడా నాటడానికి చోటు ఉండాలి గనక, భోజనాల వేళ ఒరథై, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి నాటినదంతా పీకేవాళ్లు. పీకిన నారునే కట్టలు కట్టి మధ్యాహ్నం వాళ్లకి ఇచ్చేవాళ్లు. సాయంత్రం మళ్లీ పీకుడు. ఒక్కో మొక్క వారంలో పద్నాలుగు బృందాల చేతులు మారి, చివరికి ఏ చెయ్యి పట్టినా వాలిపోయేది.

ఆగస్టు మొదట్లో బువాఫన్ ఆఫీసుకి వెళ్లింది. ఆ అర రాయ్ మీరే ఉంచుకోండి, మిగతా నాలుగున్నరలో రెండు రోజులు ఇనుప దున్న తోలించుకుంటాను, నారు ముదిరిపోతోంది, వాన పోతే మళ్లీ రాదు అని మొత్తుకుంది.

పైరోట్ గారు ఆవిడకి కుర్చీ వేయించి, చల్లటి నీళ్లు ఇప్పించి, ఓపిగ్గా విన్నారు.

"పెద్దమ్మా, నువ్వు పంట గురించి ఆలోచిస్తున్నావు. నేను అనుభవం గురించి ఆలోచిస్తున్నాను. ఇద్దరం ఆలోచిస్తున్నది వరి గురించే కదా?"

అయినా ఆయన ఆవిడ మాట తీసెయ్యలేదు. అప్పటికప్పుడు కాగితం రాయించి కమిటీకి పంపారు. కమిటీ దాన్ని క్షుణ్ణంగా పరిశీలించి, అక్టోబరు ఇరవై ఎనిమిదిన ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. అప్పటికి వానలు వెళ్లిపోయి, నాలుగున్నర రాయ్‌లు బీటలు వారాయి. ఊళ్లో మిగతా చేలన్నీ వెన్ను తీసి బంగారు రంగుకి తిరుగుతున్నాయి. బువాఫన్ అనుమతి పత్రం చేత్తో పట్టుకుని గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ముందుగా చెప్పిన పనే, నవ్వడం, ఆ రోజు ఆవిడ వల్ల కాలేదు.

నవంబరులో కోతల అనుభవం ప్రారంభించడానికి మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. కోతకి వరి లేదు. ఇంకొకరైతే బెంబేలెత్తిపోయేవాళ్లు. పైరోట్ గారు పక్క జిల్లా రైతు దగ్గర పండిన వరిని వేళ్లతో సహా పెళ్లగించి, రెండు లారీల్లో తెప్పించారు. ముందు రోజంతా పదిహేను మంది ఆ అర రాయ్‌లో గడ్డపలుగుతో గుంటలు తీసి దుబ్బులు పాతారు. బువాఫన్ తానూ ఒక చెయ్యి వేసింది. పండిన వరిని నాటడం ఆవిడ అరవై రెండేళ్లలో అదే మొదలు.

మంత్రిగారు తలకి చారల తువ్వాలు చుట్టుకుని, కొడవలి పట్టి, ఏడు దుబ్బులు కోశారు. ఎనిమిదో దుబ్బు కోయకముందే చేతికొచ్చేసింది. నేల ఎంత మెత్తగా ఉందో చూశారా అని మంత్రిగారే మెచ్చుకున్నారు.

తర్వాత పైరోట్ గారు ప్రగతి నివేదిక చదివారు. అర రాయ్‌లో రోజుకి రెండుసార్లు, నూట పది రోజులు నాట్లు పడ్డాయి గనక, బువాఫన్ గారి పొలంలో ఈ ఏడు మొత్తం నూట పది రాయ్‌ల నాట్లు. ఐదు రాయ్‌లలో నూట పది. ఇది దేశంలోనే కాదు, ఎక్కడా జరగలేదు. చప్పట్లు ఆగలేదు. బువాఫన్‌ని వేదిక మీదికి పిలిచి ఉత్తమ రైతు షీల్డు ఇచ్చారు. షీల్డు అందుకుంటూ ఆవిడ మంత్రిగారి చెవిలో, అయ్యా, మా గాదెలో గింజ లేదు అని చెప్పింది. మంత్రిగారు మైకు దగ్గరికి వెళ్లి, నూట పది రాయ్‌లు పండించి కూడా ఈ తల్లి ఏమందో తెలుసా, గింజ లేదంటోంది, ఇంత వినయం మన రైతుకి కాక ఎవరికుంటుంది అన్నారు. మళ్లీ చప్పట్లు. సాయంత్రం లారీలు వచ్చి వరిని యజమానికి తిరిగి పట్టుకెళ్లాయి. మంత్రిగారు కోసిన ఏడు దుబ్బులు మాత్రం అద్దాల ఫ్రేములో పెట్టించడానికి ఉంచేశారు.

పంట దక్కని ఇళ్లకి రెండేసి బస్తాల జిగురు బియ్యం ఇస్తున్నారని తెలిసి, ఆ వారమే బువాఫన్ ఆఫీసుకి వెళ్లింది. గుమస్తా కంప్యూటర్లో పేరు కొట్టి, లేచి నిలబడి దండం పెట్టాడు. నూట పది రాయ్‌ల వాళ్లు ఈ లైన్లో నిలబడితే నిజంగా పంట పోయినవాళ్లు ఏమనుకుంటారు పెద్దమ్మా అని మెల్లిగా నచ్చజెప్పాడు. పైరోట్ గారు కూడా గదిలోంచి బయటికి వచ్చి బాధపడ్డారు. లెక్క మంత్రిత్వ శాఖ దాకా వెళ్లిపోయింది, ఇప్పుడు దాన్ని మార్చడమంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పడమే, ఆ పని మాత్రం తనవల్ల కాదన్నారు. నిజాయితీ గల మనిషి.

డిసెంబరు రెండో వారంలో గాదె అడుగు ఊడ్చింది బువాఫన్. వచ్చినది ఒక పూటకి సరిపోయింది. ఇరుగుపొరుగు వాళ్లు పెట్టరని కాదు, అడిగితే బస్తా ఇస్తారు. ఉత్తమ రైతు షీల్డు గోడకి పెట్టుకుని ఏ మొహంతో అడుగుతుంది? అంగడి దాకా రెండుసార్లు నడిచి, రెండుసార్లూ సబ్బు కొనుక్కుని వచ్చింది.

ప్రాజెక్టుకి అది మంచి సీజను. మోటారుతో నీళ్లు పెట్టి ఆ అర రాయ్‌ని తడిగా ఉంచారు. లెక్కల్లో ఒకటే లోటు, స్వదేశీ యాత్రికుల గడిలో ఇంకా సున్నా ఉంది. అందుకని ఆ నెలంతా దేశవాసులకి ఉచితం అని బ్యానర్ కట్టారు, మధ్యాహ్నం భోజనంతో సహా. జిగురన్నం, కాల్చిన కోడి, దంచిన పచ్చి బొప్పాయి.

శనివారం పొద్దున యాత్రికుల లైన్లో పద్దెనిమిదో మనిషిగా బువాఫన్ నిలబడి ఉంది. ఫారాలు నింపుతున్న ఒరథై తలెత్తి చూసింది.

"పెద్దమ్మా, నువ్వేంటి ఇక్కడ?"

"భోజనం ఎన్నింటికే?"

"పన్నెండుకి" అంది ఒరథై. దూరంగా పైరోట్ గారు లైన్లో దేశవాసి మొహం కనబడినందుకు ఫొటోగ్రాఫర్‌ని కేకేస్తున్నారు. "ముందు ఫారం నింపాలి పెద్దమ్మా. అందరినీ అడిగేవే అడుగుతాను, ఏమీ అనుకోకు."

"అడుగమ్మా."

"ఎక్కడి నుంచి వచ్చారు?"

బువాఫన్ పొలం అవతల తన ఇంటిని చూపించింది. ఒరథై రాసుకుంది. ఎలా వచ్చారు అంటే నడిచి అంది. అది కూడా రాసుకుంది. చివరి ప్రశ్న దగ్గర ఆ పిల్ల తల ఎత్తలేదు.

"ఇంతకు ముందు ఎప్పుడైనా వరి నాటారా?"

బువాఫన్ పొలం వైపు చూసింది. ఆ అర రాయ్‌ని చూసింది, బీటలు వారిన నాలుగున్నరని చూసింది. వెనక నిలబడ్డ డచ్చి దంపతులు ఓపిగ్గా నవ్వారు.

"ఈ ఏడు లేదు" అంది.

ఫారంలో ఆ ప్రశ్నకి ఉన్నవి రెండే గడులు. ఒరథై 'మొదటిసారి' అన్నచోట టిక్కు పెట్టి, యాత్రికులందరికీ ఇచ్చే పసుపు టోపీ ఒకటి తీసి ఆవిడ చేతికిచ్చింది.