గడ్డం కొంచెం పైకి

ఆదివారం ఉదయం అయిదున్నరకి మురళీమోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊళ్లో ఎవరో ఒక మనిషిని, ఆ మనిషికి తెలియకుండా, ఒక్క ఫోటో తియ్యాలి. సాయంత్రం అయిదింటికి దాన్ని అరుణశ్రీకి చూపించాలి. అంతే. మామూలు మనుషులకి ఇది అరగంట పని. మురళీమోహన్ విజయనగరం గంటస్తంభం దగ్గర ఇరవై నాలుగేళ్లుగా స్టూడియో నడుపుతున్నవాడు కాబట్టి అతనికి మాత్రం ఇది ప్రాణసంకటం.

రేషన్ కార్డుకనీ, హాల్ టికెట్టుకనీ, పింఛను దరఖాస్తుకనీ ఊళ్లో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు అతని స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నవాళ్లే. అతను జేబులోంచి దువ్వెన తీసి పాపిడి సరిచేసి, "గడ్డం కొంచెం పైకి... ఇంకొంచెం... ఆఁ, చాలు" అనేవాడు. ఎదుటివాళ్లు ఊపిరి బిగబట్టేవారు. పెళ్లిళ్లలోనూ ఇదే వరస. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని మొత్తుకుంటున్నా, తాళి పట్టుకున్న పెళ్లికొడుకుని ఆపి "బాబూ, గడ్డం" అన్న ఘనుడతను. మనిషి మంచివాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

అనాల్సి వచ్చింది అరుణశ్రీకే. బియ్యం వ్యాపారి ధనరాజు కూతురు. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఫోటోలు మురళీమోహనే తీశాడు. అన్నప్రాశన నాడు ఆ పిల్ల ఏడుపు మానడానికి గంటసేపు గిలక్కాయ ఊపింది కూడా అతనే. ఆ పిల్లకి వచ్చే నెల పెళ్లి. కిందటి వారం స్టూడియోకి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది.

"మావయ్యా, ఏమీ అనుకోకండి. పెళ్లికి వైజాగ్ నుంచి వేరేవాళ్లని పిలుద్దామనుకుంటన్నాం."

"అదేటమ్మా? నా ఫోటోలకేటి వచ్చింది?"

"బాగుంటాయి మావయ్యా. కానీ అందరం ఆధార్ కార్డులో ఉన్నట్టుంటాం. మాకు కెమెరాకేసి చూడనట్టు ఉండే ఫోటోలు కావాలి."

మురళీమోహన్‌కి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి అరుణశ్రీ మెత్తబడింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వచ్చే ఆదివారం సాయంత్రం లోపు, మనిషికి తెలియకుండా తీసిన ఫోటో ఒక్కటి చూపిస్తే పెళ్లి అతనిదే.

అందుకే అతను శైలజ అనే అమ్మాయి వైజాగ్ నుంచి వచ్చి నడిపే ఒకరోజు వీధి ఫోటోల వర్క్‌షాపులో చేరాడు. తన వయసులో సగం కూడా లేని ఎనిమిది మంది పక్కన తొమ్మిదో విద్యార్థిగా.

బయల్దేరుతుంటే భార్య రేఖ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "బేగు ఇలా ఇవ్వండి. ఈ పౌడరు డబ్బా ఎందుకు? ఈ తెల్లగుడ్డెందుకు?"

"గుడ్డ ఉండనీవే. గుడ్డ లేకపోతే నాకు చెయ్యాడదు."

"దువ్వెన?"

"లేదు," అన్నాడు మురళీమోహన్, జేబు మీద చెయ్యి పెట్టుకుని.

శైలజ అందరినీ మూడు లాంతర్ల కూడలి దగ్గర కలుసుకుని, మెడలో నీలం తాడున్న గుర్తింపు కార్డులు వేసి, తలా ఒక అట్టా, పెన్నూ, కాగితమూ ఇచ్చింది. కాగితంలో ఏమేం తియ్యాలో వరసగా రాసుంది. పనిచేస్తున్న చేతులు, ఎదురుచూపు, నవ్వు. తీసినదానికల్లా టిక్కు పెట్టుకోవాలి. నియమాలు మూడే. అడగకూడదు. సర్దకూడదు. కనపడకూడదు.

గంటస్తంభం చేరేలోపే మురళీమోహన్ మూడు నియమాలూ మీరాడు. టీ కాచేవాడిని కాలరు సరిచేసుకోమన్నాడు. రిక్షా మీద కునుకు తీస్తున్న పెద్దాయన్ని లేపి మరీ కళ్లు తెరవమన్నాడు. శైలజ చేతులు జోడించింది. "మాస్టారూ, మీకో ప్రత్యేక నియమం. ఒక గంటసేపు ఒక్క మాట కూడా మాట్లాడకండి. ఎవరేం అడిగినా నవ్వి ఊరుకోండి."

ఆ అమ్మాయి మంచికే చెప్పింది పాపం. కొంప ముంచింది మాత్రం ఆ నియమమే.

చేపల బజార్లో గురమ్మ కత్తిపీట ముందు కూర్చుని కోనాం చేపని ముక్కలు కోస్తోంది. రేకు సందులోంచి పడిన ఎండ సరిగ్గా ఆమె చేతుల మీద ఉంది. మురళీమోహన్ ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తాడు. అంతా బాగానే ఉంది గాని ముఖం మీద జుట్టు పడుతోంది. బొట్టు పక్కకి జరిగింది. అతని చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. దువ్వెన బయటికొచ్చింది.

గురమ్మ తలెత్తింది. "ఓలమ్మ! స్టూడియో బాబువి కావేటి నువ్వు? ఏటి, బజార్లోకొచ్చి ఫోటోలు తీస్తన్నావు?"

మురళీమోహన్ నియమం ప్రకారం నవ్వాడు.

"ఏటి రాసుకుంటన్నారు ఆ కాయితం మీద?"

అతను ఇంకాస్త నవ్వాడు.

గురమ్మ అతని మెడలో కార్డు చూసింది. అట్ట చూసింది. టిక్కులు చూసింది. అలాంటి కార్డులే వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్న ఎనిమిది మందినీ చూసింది. ఆవిడ జీవితంలో మెడలో కార్డేసుకుని, ఫోటో తీసి, కాగితం మీద టిక్కు పెట్టుకున్నవాళ్లు ఒక్కరే, గవర్నమెంటువాళ్లు. పైగా పింఛనుకైనా కార్డుకైనా ఫోటో తీసిన మనిషే ఎదురుగా ఉన్నాడు. ఆవిడ మరో మాట అడగలేదు. చెయ్యి కడుక్కుని, బొడ్లోని సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఆధార్ కార్డు తీసి, గడ్డం కింద పట్టుకుని కదలకుండా కూర్చుంది.

పక్కనున్న అరటిపళ్ల ఎర్రన్న మెడ సాచాడు. "పిన్నీ, దేనికిది?"

"నాకేటి తెలుసు? ముందు రాయించీసుకో. దేనికో తరవాత అడగొచ్చు."

ఎర్రన్నకి ఈ మాట చాలా న్యాయంగా తోచింది. అడుగుతూ కూర్చుని కిందటిసారి ఇంటి స్థలాల జాబితాలో పేరు పోగొట్టుకున్నవాడతను. గంపలో తలగుడ్డ పడేసి గురమ్మ వెనకాల నిలబడ్డాడు. అతని వెనక ఉల్లిపాయలావిడ నిలబడింది. ఆవిడ ఫోను చేస్తే ఆవిడ అత్తగారు ఆటోలో వచ్చింది. పావుగంటలో ఆదివారం మూసుండే జిరాక్సు కొట్టు తెరుచుకుంది. నిలబడలేనివాళ్లు తమకి బదులు వరసలో చెప్పులు పెట్టి, పక్కన నీడలో కూర్చున్నారు.

మిగతా విద్యార్థుల ముందు కూడా ఒక్కో వరస తయారైంది. శైలజ పరుగెత్తుకొచ్చింది. "దయచేసి కెమెరావైపు చూడకండమ్మా! మీ పని మీరు చేసుకోండి!"

"సూడకపోతే రిజెక్టు చేసెత్తారు. మాకు తెల్దేటి?" అంది ఉల్లిపాయలావిడ. "కళ్లు మూసుకున్నాదని మా అత్త ఫోటో రెండుసార్లు కొట్టీసినారు."

దేముడమ్మ అనే ముసలావిడ మేకని లాక్కుంటూ వచ్చింది. "బాబూ, పోయినేడు పశువులు రాసుకున్నప్పుడు నాను ఊళ్లో లేను. దీన్ని కూడా ఎక్కించీ." మురళీమోహన్ మేకకేసి చూసి కూడా నవ్వాడు. గంట గడవడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

ఆ పన్నెండు నిమిషాల్లోనే వార్డు నాయకుడు లక్ష్ముడు ఇస్త్రీ చొక్కాతో దిగాడు. వరస చూసి, ఏమిటో ఎవరినీ అడక్కుండా, అరటిపళ్ల పెట్టె ఎక్కాడు. "అమ్మలారా, అయ్యలారా! దీని కోసం నాను ఆఫీసుల సుట్టూ ఎన్ని సెప్పులరగదీసినానో మీకు తెల్దు. పట్టుబట్టి మరీ తెప్పించినాను!" చప్పట్లు మోగాయి. లక్ష్ముడు పొంగిపోయి మురళీమోహన్ భుజం పట్టుకుని పెట్టె మీదకి లాగాడు. "ఇది దేనికో బాబుగారు సెప్తారు."

బజారంతా అతనికేసి తిరిగింది. మురళీమోహన్ శైలజ వైపు చూశాడు. ఆమె గడియారం చూడకుండానే తల ఊపింది. ఎండలో నిలబడ్డ ముసలివాళ్లని చూస్తే అతనికి తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడడం ఎలాగూ చాతకాదు.

"ఇది ఏ పథకమూ కాదమ్మా. గవర్నమెంటుకీ దీనికీ సంబంధం లేదు. మేం... మేం ఫోటోలు తియ్యడం నేర్చుకోడానికొచ్చాం. ముందే చెప్పకపోవడం నాదే తప్పు. క్షమించండి."

వెనక్కి తిరిగి చూస్తే లక్ష్ముడు లేడు. పక్క సందులో ఇస్త్రీ చొక్కా ఒకటి వేగంగా వెళ్లిపోతోంది.

గురమ్మ లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేర్సుకోడానికా? నా పెళ్లీడు కూతురు పుట్టకముందు నుంచీ తీస్తన్నావు గదరా బాబూ! ఇంకా రాలేదేటి నీకు?"

 బజారు బజారంతా పగలబడి నవ్వింది. ఎర్రన్న కడుపు పట్టుకున్నాడు. అత్తగారు కోడలి భుజం మీద పడి నవ్వింది. మేక ఎవరిదో టిక్కుల కాగితం నమిలేస్తోంది. ఒక్కరంటే ఒక్కరు కెమెరాల వైపు చూడడం లేదు. విద్యార్థులు ఎనిమిది మందీ టకటకా నొక్కుతున్నారు. మురళీమోహన్ మాత్రం కెమెరా ఎత్తడమే మరిచిపోయాడు. సిగ్గుతో తల దించుకుని నిలబడ్డాడు. తల ఎత్తేసరికి నవ్వులు అయిపోయాయి.

"సరేలే, నేర్సుకోడానికైతే మాత్రం మావు లేమేటి?" అంది గురమ్మ మళ్లీ కూర్చుంటూ. "తియ్యి. ఈసారైనా సరిగ్గా తియ్యి."

 ఇక నియమాలు గాలికి పోయాయి. బ్యాగులోంచి తెల్లగుడ్డ తీసి రేకుకి కట్టాడు. దువ్వెన తీశాడు. మధ్యాహ్నం రెండింటి దాకా, వరసలో ఉన్నవాళ్లకీ, చెప్పులు పెట్టినవాళ్లకీ, పేరుపేరునా పాపిడి తీసి, బొట్టు సరిచేసి, గడ్డం పైకెత్తి ఫోటో తీశాడు. కాపీలు తానే తెచ్చిస్తానని మాటిచ్చాడు.

సాయంత్రం అయిదింటికి స్టూడియో గోడ మీద ప్రొజెక్టరుతో అందరి ఫోటోలూ ఒక్కొక్కటిగా వేశారు. మురళీమోహన్‌వి నూట పద్ధెనిమిది. నూట పద్ధెనిమిది మందీ సూటిగా కెమెరాలోకే చూస్తున్నారు. మేక కూడా.

అరుణశ్రీ వెనక వరసలో కూర్చునుంది. అతను ఆమె దగ్గరికి వెళ్లి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నా వల్ల కాలేదమ్మా. వైజాగ్‌వాళ్లనే పిలుచుకో. అక్షింతలెయ్యడానికి మాత్రం తప్పకుండా వస్తాను."

ఆమె గోడకేసి చూస్తోంది. అక్కడ శైలజ తీసిన ఫోటో పడింది. చేపల పొలుసుల మధ్య మోకాళ్ల మీద కూర్చున్న మురళీమోహన్, నాలిక కొస పళ్ల మధ్య పట్టుకుని, గురమ్మకి పాపిడి తీస్తున్నాడు. గురమ్మ చిన్నపిల్లలా కళ్లు మూసుకుని తల అప్పగించింది. ఇద్దరికీ లోకం పట్టినట్టు లేదు.

అరుణశ్రీ ముక్కు ఎగబీల్చింది. "గిలక్కాయ ఊపినప్పుడు కూడా ఇలాగే ఉన్నారా మావయ్యా?"

"గుర్తులేదమ్మా. నేను కెమెరా వెనకాలున్నాను కదా."

ఆమె శైలజ వైపు తిరిగింది. "అక్కా, పెళ్లికి మీరొస్తారా? మావయ్య ఎప్పట్లాగే మమ్మల్ని సర్ది, నిలబెట్టి తీస్తారు. మీరు ఆ సర్దడం తియ్యండి. ఆయన గడ్డాలు పట్టుకుంటుంటే మీ కెమెరా ఎవరికీ గుర్తుండదు."

శైలజ నవ్వి సరేనంది. మురళీమోహన్ మాత్రం నవ్వలేకపోయాడు. ముఖం అటు తిప్పుకుని, ఎవరూ చూడడం లేదనుకుని, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఎనిమిది కెమెరాలు ఒక్కసారిగా టక్కుమన్నాయి.

నాలుగు రోజుల తరవాత గురమ్మ తన కాపీ కోసం స్టూడియోకి వచ్చింది. కాపీని పక్కన పెట్టి, గోడకి తగిలించిన, శైలజ తీసిన పెద్ద ఫోటోని చాలాసేపు చూసింది. తరవాత వెళ్లి స్టూలు మీద కూర్చుని, కొంగు సర్దుకుంది.

"బాబూ, నాకు అలాటిదే ఇంకోటి తియ్యి. ఎటు సూడకూడదో ముందు సెప్పు."

మురళీమోహన్ ఎటు చూడకూడదో ఓపిగ్గా చెప్పి, గడ్డం మాత్రం కొంచెం పైకి పెట్టమన్నాడు.