ఇరవై మందికి ఇండెంటు

ఆ బుధవారానికి వాసుదేవరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే ఒంటిపూట సెలవు చీటీ పడేసి, సత్యారావు నడిపే కంట్రాక్టరు లారీలో దుర్గ్ స్టేషనుకి వెళ్ళాలి. బొంబాయి మెయిల్లో దిగే పదిమంది యూదుల్ని ఎక్కించుకుని భిలాయి సెక్టర్ 7కి తీసుకురావాలి. ప్రార్థన అయ్యాక భోజనాలు పెట్టి సాయంత్రం బండికి సాగనంపాలి. ఉక్కు కర్మాగారం స్టోర్సులో ఆరేళ్ళుగా టన్నులకొద్దీ బోల్టులు దింపించుకుంటున్న గుమస్తాకి పదిమంది మనుషుల్ని దింపించుకోవడం ఒక లెక్కలోది కాదు.

ఆ పదిమందీ పక్క క్వార్టరులోని గార్డుబాబు కోసం. ఆయన అసలు పేరు సామ్సన్ పెణ్‌కర్. కొంకణ తీరపు యూదుడు. వాల్తేరులో ఇరవై రెండేళ్ళు గూడ్సు గార్డుగా పనిచేసి, తెలుగుని అక్కడి యాసతో సహా పట్టేసి, రిటైరయ్యాక కర్మాగారం యార్డులో కొత్తవాళ్ళకి పని నేర్పడానికి భిలాయి వచ్చాడు. భిలాయి మొత్తానికి ఆయనొక్కడే యూదుడు. నిరుటి దాకా ఇద్దరు. రెండో మనిషి ఆయన భార్య రాహేల్‌బాయి. మూడు రోజుల జ్వరంతో పోయింది.

పోయినవాళ్ళ కోసం యూదులు కద్దీష్ అనే ప్రార్థన చదువుతారు. అది ఒంటరిగా చదివేది కాదు. పదమూడేళ్ళు దాటిన యూదు మగవాళ్ళు పదిమంది నిలబడితే తప్ప చదవకూడదు. రాహేల్‌బాయిని భుజాల మీద మోసింది వాసుదేవరావు, సత్యారావు, కొలిమి దగ్గర పనిచేసే అప్పలసూరి, ఇంకో ఏడుగురు తెలుగువాళ్ళు. గొయ్యి తవ్విందీ వాళ్ళే. కానీ చదవడానికి పదిమంది లేక సామ్సన్ ఆ మట్టి దగ్గర కాసేపు ఊరికే నిలబడి ఇంటికి వచ్చేశాడు. ఏడాదిగా ఆ ప్రార్థన ఆయన గొంతులోనే ఉండిపోయింది.

"సంవత్సరీకం నాటికైనా చదివించాల వాసూ," అన్నాడొకనాడు. "లేపోతే రేపు దాని ముందుకి ఏ మొగం ఎట్టుకుని ఎళ్ళమంటావు?"

ఇజ్రాయెల్ నుంచి వచ్చి, పరాయి దేశాల్లోని యూదులకి తమ భాషా పాటలూ పండుగలూ నేర్పుతూ తిరిగే దూతల ఆఫీసొకటి బొంబాయిలో ఉందని ఆయన విన్నాడు. ఉత్తరం రాయిస్తే వాళ్ళు జవాబుగా ఒక ఫారం పంపారు. సామ్సన్ కళ్ళకి అప్పటికే శుక్లాలు ముదిరి, ఎదుటి మనిషి నీడలా తప్ప కనిపించడు. అంచేత ఫారం నింపే భారం వాసుదేవరావు మీద పడింది.

కొంప మునిగింది అక్కడే. వాసుదేవరావుకి జీవితంలో తెలిసిన ఫారం ఒక్కటే, ఇండెంటు. అందులో సరుకు ఎంత ఉందో రాయరు, ఎంత కావాలో రాస్తారు. అదీ ఉన్నదున్నట్టు రాయరు. రెండు పారలు కావాలంటే నాలుగని రాయాలి, పైవాళ్ళు ఎర్ర పెన్సిలుతో సగం కొట్టేస్తారు కనక. ఈ ఫారంలో 'యూదు పురుషుల సంఖ్య' అన్న గడి దగ్గర ఆయన పెన్ను ఆగనైనా ఆగలేదు. కావలసింది పది, కాబట్టి ఇరవై. 'స్త్రీలు' అన్న గడిలో 'అవసరం లేదు' అని రాశాడు. 'పిల్లలు' అన్నచోట అడ్డంగా గీత కొట్టాడు. తను వేలు పెట్టి చూపించిన చోట సామ్సన్ చేత సంతకం చేయించాడు.

పదిహేను రోజులకి ఆ ఆఫీసు నుంచి తంతి వచ్చింది. 'ఇరవై సంగతి తెలిసి అమితానందం. బుధవారం మెయిలుకు రాక. అవ్నేర్.'

"ఏమే కామాక్షీ! ఇరవైకి ఇరవై శాంక్షనయిపోయింది! ఎర్ర పెన్సిలే తగల్లేదే!" అని వాసుదేవరావు వీధి గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"ఇరవై మందేటండీ బాబూ! ఇంట్లో ఉన్నవి ఎనిమిది కంచాలు," అంది కామాక్షమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

"అందరూ ఎక్కడొస్తారే, దార్లో సగం తరుగు పోతుంది. పదిమందికి చూడు."

సామ్సన్ మాత్రం ఆ తంతి కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తీయలేదు. కనపడకపోయినా మధ్యమధ్య తడిమి చూసుకునేవాడు. మంగళవారం పాత గార్డు కోటు ఇస్త్రీ చేయించాడు.

సంవత్సరీకం పడ్డ బుధవారం పొద్దున్న స్వాగతం చెప్పడానికి ఆ పాత పదిమందే లారీ ఎక్కారు. ప్రార్థనలో తల మీద ఏదో ఒకటి ఉండాలని సామ్సన్ చెప్పాడు కనక సత్యారావు కోతి టోపీ పెట్టుకున్నాడు, అప్పలసూరి కొలిమి దగ్గర పెట్టుకునే హెల్మెట్టుతో దిగాడు, తక్కినవాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. వాసుదేవరావు చేతిలో బంతిపూల దండలు ఇరవై ఉన్నాయి.

మెయిలు వచ్చింది. ఒకే ఒక్కడు దిగాడు, తంతి ఇచ్చిన అవ్నేర్. ఎండకి కమిలిన ముఖం, పొట్టి చేతుల చొక్కా, రెండు పెద్ద ట్రంకు పెట్టెలు. వాసుదేవరావు ఆయన మెడలో దండ వేసి, ఆయన భుజం మీదుగా బోగీలోకి తొంగి చూశాడు. ఆయన దండ సవరించుకుని, వాసుదేవరావు భుజం మీదుగా ప్లాట్‌ఫారం మీదికి తొంగి చూశాడు.

"మిగతావాళ్ళు?" అని ఇద్దరూ ఒక్కసారే ఇంగ్లీషులో అడిగారు.

ఫారం అడిగింది ఊళ్ళో ఉన్న యూదుల లెక్క, కావలసిన లెక్క కాదని వాసుదేవరావుకి ఇప్పుడు తట్టింది. ఫారం మొత్తం కళ్ళముందు నిలిచింది. అప్పుడే నిజం చెప్పి ఉంటే గొడవ స్టేషనులోనే తేలిపోయేది. కానీ ఆడిట్ వాళ్ళు వచ్చి బీరువా తెరిచేదాకా ఏ తప్పూ ఒప్పుకోని ఉద్యోగం ఆయనది.

"ఫస్టు షిఫ్టులో ఉన్నారు," అనేశాడు.

అంతే, అవ్నేర్ కళ్ళు చెమర్చాయి. ఉక్కు కొలిముల మధ్య బతుకుతూ, యూదుల్లా తలలు కప్పుకుని తనకోసం నిలబడ్డ పదిమందినీ వరసగా కౌగిలించుకున్నాడు. లారీలో ఒక ట్రంకు తెరిచి గుండ్రటి చిన్న టోపీలు తీసి తలకొకటి పెట్టాడు. నోటు పుస్తకం తీసి, పేరేమిటి, ఊరేదని వాసుదేవరావు చేత అడిగించడం మొదలుపెట్టాడు.

"అప్పలసూరి. సికాకోలం దగ్గిర," అన్నాడు అప్పలసూరి.

"మీ తాతలు?"

"ఆళ్ళూ అక్కడే. ఆళ్ళ తాతలూ అక్కడే."

శ్రీకాకుళంలో ఇంతవరకూ ఎవరి దృష్టికీ రాని అతి ప్రాచీన యూదు గ్రామాలున్నట్టు అవ్నేర్ రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు. తర్వాత వాసుదేవరావు చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఆడవాళ్ళు అవసరం లేదని రాశారు. మా ఆఫీసులో అందరం బాధపడ్డాం. అంత విరక్తి వద్దు. బొంబాయిలో మంచి సంబంధాలున్నాయి."

"ఏటంటన్నాడు బాబూ?" అన్నాడు అప్పలసూరి.

"నీకు పెళ్ళిసంబంధం చూస్తాట్ట."

"ఓలమ్మో! మా పోలమ్మకి తెలిస్తే నా బొమికలిరిసి పొయ్యిలో ఎట్టేస్తాది! ఐదుగురు పిల్లల తండ్రిని!"

అవ్నేర్‌కి ఆ కంగారు సిగ్గులా కనిపించింది. సిగ్గు పోగొట్టడానికి చప్పట్లు కొడుతూ ఒక హీబ్రూ పాట ఎత్తుకున్నాడు. చరణం చరణానికీ వంత పాడటం చిన్నప్పటి నుంచీ భజనల్లో అలవాటైన ఆ పదిమందీ రెండో ఆవృత్తికే అందుకున్నారు. లారీ సెక్టర్ 7లోకి తిరిగేసరికి పాట వీధి చివరికి వినిపిస్తోంది.

సామ్సన్ గార్డు కోటు వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పాట విన్నాడు. అది ఆయన చిన్ననాటి ప్రార్థనల భాష, పదిమంది గొంతుల్లో. లారీ దిగుతున్న మసక నీడల తలల మీద గుండ్రటి టోపీలు పోల్చుకున్నాడు. గేటు పట్టుకుని ఏడ్చేశాడు.

"వొచ్చినారు రాహేలూ! పదిమందీ వొచ్చినారే!" అని ఇంట్లోకి తిరిగి కేకపెట్టాడు. ఇంట్లో ఎవరూ లేరు.

పాట ఆగిపోయింది. ఎవరికీ కాలు కదల్లేదు. సామ్సనే చేతులు ముందుకి చాచుకుంటూ వచ్చి మొదట అవ్నేర్ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత రెండో చెయ్యి అందుకున్నాడు. దాని చిటికెనవేలు సగం లేదు. ఆయన బొటనవేలు ఆ మొండి మీద ఆగింది.

"అప్పలసూరీ... నువ్వేట్రా?"

అప్పలసూరి తల దించుకున్నాడు. సామ్సన్ మూడో చెయ్యి తడిమాడు. "సత్యారావు." నాలుగో చెయ్యి తడిమి ఊరుకున్నాడు. ఐదో చేతి దాకా వెళ్ళలేదు.

వాసుదేవరావు అప్పుడు ఒప్పుకున్నాడు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఇండెంటు సంగతి, ఎర్ర పెన్సిలు సంగతి, పారల సంగతి. చెబుతుంటే ఎవరికైనా నవ్వు రావాల్సిందే. ఎవరూ నవ్వలేదు. అవ్నేర్ నోటు పుస్తకం మూసి ట్రంకు పెట్టె మీద కూలబడ్డాడు.

"ఓ మాటడగతాను బాబూ, ఏటనుకోకు," అన్నాడు అప్పలసూరి. "అమ్మని మోసినప్పుడు మేం పదిమందిమి. గొయ్యి తీసినప్పుడూ పదిమందిమే. ఇయ్యాళ లెక్కకి రామేటి?"

సామ్సన్ ఆ మొండివేలి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. "నాకు మీరు వందమంది పెట్టురా. కానీ రూలు నేను రాసింది కాదు. డ్రైవరెంత మంచోడైనా గార్డు పచ్చజెండా ఊపందే బండి తియ్యకూడదు. ఇరవై రెండేళ్ళు రూలు మీద బతికినోణ్ణి, రాహేలు దగ్గిర దొంగ జెండా ఎలాగ ఊపీదిరా?" తర్వాత అవ్నేర్ వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. "పోనీ బాబూ, నువ్వొక్కసారి ఆ మాటలు నాకు వినిపించు. ప్రార్థనలా కాదు, ఊరికే. ఇంకో గొంతులో విని ఎన్నేళ్ళయిందో."

"నాకు రాదు," అన్నాడు అవ్నేర్ నోటు పుస్తకం పక్కన పెట్టి.

"రాదా? నేర్పడానికి కదా పంపారు నిన్ను!"

"పాటలు వచ్చు, నాట్యాలు వచ్చు. పొలం దున్నడం వచ్చు. ఇది ముసలివాళ్ళ పని అనుకుని నేర్చుకోలేదు." మళ్ళీ తనే అన్నాడు. "అది అబద్ధం. నాకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మ నన్ను రైలెక్కించింది. వెనక బండికి తను వస్తానంది. యుద్ధంలో ఏ ఊళ్ళో, ఏ రోజున పోయిందో చెప్పేవాళ్ళు లేరు. తేదీ లేని మనిషికి ఎప్పుడు చదవను?"

సామ్సన్ తడుముకుంటూ వచ్చి ఆ ట్రంకు పెట్టె మీదే ఆయన పక్కన కూర్చున్నాడు. జీవితమంతా బండి కదిలించడమే పనిగా బతికిన మనిషి. వెనక బండి రాకపోవడం అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఈ తేదీ తీసుకో నాయనా," అన్నాడు. "మా రాహేలేం అనుకోదు. ఎవరొచ్చినా సర్దుకుని చోటిచ్చే మనిషే."

నేర్చుకోవడానికి పదిమంది అక్కర్లేదు. అరుగు మీద చాప వేసి ముసలాయన ఒక్కొక్క మాటే చెప్పసాగాడు, అవ్నేర్ అనసాగాడు. ఆ ప్రార్థనలో చావు అన్న మాటే లేదు. అంతా దేవుడి మీద స్తోత్రమే. కామాక్షమ్మ మలీదా పళ్ళెం తెచ్చి పెట్టింది. అటుకులూ బెల్లమూ కొబ్బరీ కలిపి కొంకణ యూదులు దేవుడికి పెట్టే ఆ ప్రసాదాన్ని రాహేల్‌బాయే ఆమెకి నేర్పింది. లారీలో వచ్చిన పదిమందీ వెళ్ళిపోకుండా మెట్ల మీద కూర్చుని, సందు వచ్చిన చోటల్లా "ఆమేన్" అంటూ వచ్చారు.

"అక్కడ ఓ మాట మింగేసినాడు బాబూ," అన్నాడు అప్పలసూరి, సామ్సన్ మూడోసారి అప్పజెప్పించుకుంటున్నప్పుడు.

నిజమే, మింగేశాడు. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. సామ్సన్ కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రం బండికి అవ్నేర్ వెళ్ళిపోయాడు. ట్రంకుల్లో తెచ్చిన పుస్తకాలూ టోపీలూ తిరిగి తీసుకోలేదు. రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. బొంబాయిలో బండి దిగిన రోజు సాయంత్రమే ప్రార్థనా మందిరానికి వెళ్ళాడట, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. పదిమంది నిలబడితే, వాళ్ళ మధ్య భిలాయి రాహేల్‌బాయి పేరు తలుచుకుని చూడకుండా చదివాడట. ఒక్క మాటా మింగలేదట. ఆ తర్వాత తల్లి పేరు కూడా తలుచుకున్నాడట. ఇకమీద ఏటా రాహేల్‌బాయి తేదీనే ఇద్దరికీ కలిపి చదువుతానని రాశాడు.

వాసుదేవరావు చేత సామ్సన్ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. నాలుగోసారి చదవబోతే చాలన్నాడు. ఆ పూట ఆయన కడుపునిండా అన్నం తిని, చాన్నాళ్ళకి నిద్రపోయాడు.

వాసుదేవరావు బొంబాయికి రసీదు రాయడానికి కూర్చున్నాడు. ఈసారి ఉన్నదున్నట్టే రాశాడు: 'కోరినది ఇరవై, అందినది ఒకటి, సరుకు బాగుంది, మిగతా పందొమ్మిదీ రద్దు చేయవలెను.'