పదకొండు రోజుల పథ్యం

గురువారం పొద్దున సుకన్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకు టైలర్ దగ్గరికని చెప్పి ఇంట్లోంచి బయటపడాలి. పదకొండుకల్లా హన్మకొండలో డాక్టర్ స్నేహలత ముందు కూర్చోవాలి. స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం కళ్లారా చూశాకే ఇంట్లో నోరు విప్పాలి. ఒకవేళ కొట్టుకోకపోతే, జాకెట్టు ఇంకా కుట్టలేదట అని చెప్పి ఊరుకోవాలి.

ఇంత గుట్టు ఎందుకంటే దానికో చరిత్ర ఉంది. పెళ్లయి ఎనిమిదేళ్లు. మొదటిసారి నెలసరి ఎనిమిది రోజులు ఆలస్యమయ్యేసరికే అత్తగారు రాజక్క మట్టెవాడలోని తమ సందంతా లడ్డూలు పంచేసింది. తొమ్మిదో రోజు, లడ్డూలు తిన్నవాళ్లే వరసకట్టి ఓదార్చడానికి వచ్చారు. నిరుడు రెండోసారి పరీక్షలో రెండు గీతలు కూడా వచ్చాయి. స్టీలు సామాన్ల దుకాణం నడిపే భర్త రమాకాంత్ ఆ సాయంత్రమే టేకు ఉయ్యాల మోయించుకొచ్చాడు. మూడు వారాలకు నెత్తురు కనిపించింది. మళ్లీ అందరి ముందూ తలెత్తుకోలేనని సుకన్య రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా నొప్పి ఓర్చుకుంది. దవాఖానకు చేరేసరికి స్కానింగ్‌లో చూడటానికి ఏమీ మిగల్లేదు.

ఏ వస్తువూ ఖాళీగా పడి ఉండకూడదనే ఇల్లు కాబట్టి ఆ ఉయ్యాలలో ఉల్లిగడ్డలు పోశారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో కడుపు మాట ఎవరూ ఎత్తలేదు. కూరకు రెండు గడ్డలు తీసుకునేటప్పుడు, ఎవరూ చూడటం లేదనుకుంటే, సుకన్య ఆ ఉయ్యాలను కొంచెం ఊపేది. అయితే నాలుగు రోజులుగా ఉల్లిగడ్డలు గంపలో ఉంటున్నాయి, ఉయ్యాల కనిపించడం లేదు. ఎలుకలు పడుతున్నాయని తీయించానంది రాజక్క. పాతసామాన్లవాడికి వేసేసి ఉంటారని సుకన్య అనుకుంది. అడిగితే ఏడుపొస్తుందని అడగలేదు.

ఈసారి యాభై రోజులు. సాయంత్రం ఆరింటికే నిద్ర ముంచుకొస్తోంది, పోపు వాసన తగిలితే కడుపులో తిప్పుతోంది, ప్రాణమైన చాయ్‌ని పది రోజులుగా తొట్లో పారబోస్తోంది. ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలూ వచ్చాయి. డాక్టరమ్మ ఫోన్‌లో గట్టిగానే చెప్పింది. "ఏడో వారంల స్కానింగ్ చేద్దాం. ఈ లోపల నెత్తురు కనవడ్డా, ఒక పక్కన నొప్పి లేసినా, కండ్లు తిరిగినా ఆగకు. నిరుడు లెక్క ఓర్చుకుంట కూసోకు. నన్ను అడగకుంట ఏ గోళీ మింగొద్దు, ఏ పసరు తాగొద్దు." ఆ మూడు లక్షణాలనూ సుకన్య రోజుకు పదిసార్లు వేళ్లమీద లెక్కపెట్టి, మూడూ లేవని నిమ్మళపడేది.

ఏడున్నరకు రాజక్క పప్పుకు ఎల్లిగడ్డ పోపు పెట్టింది. సుకన్య బాత్రూమ్‌లోకి పరుగెత్తింది. బయటికొచ్చేసరికి అత్తగారు తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"గ్యాస్ అత్తమ్మా."

రాజక్క ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "గ్యాసేనా?"

"గ్యాసే."

"అయితే గ్యాసే అయితది," అని రాజక్క గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది.

అంతటితో ఆగేదే. కానీ కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి పద్మలత, అప్పుడే పసుపు రాసుకుని మొహం కడుక్కున్న సుకన్యను వెలుతురులోకి తిప్పి చూసింది. "గ్యాస్ కాదు గీస్ కాదు. కండ్లు పచ్చగ కొడ్తానయ్. జాండీస్ గావచ్చు," అంది.

సుకన్యకు ఆ మాట దేవుడు పంపినట్టు తోచింది. గ్యాస్ ఉన్న మనిషిని టైలర్ దగ్గరికి ఎలాగూ పోనివ్వరు. జాండీస్ అయితే హన్మకొండకు దర్జాగా పోవచ్చు. "అట్లనే అనిపిస్తాంది అక్కా. పదకొండింటికి పోయి రక్తపరీక్ష చేయించుకొస్త," అంది. సొంతంగా అల్లిన ఈ అబద్ధం ఆమెకు చాలా నచ్చింది.

ఆ ముచ్చట నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. రఘునాథపల్లి నుంచి కూరగాయల బస్తాతో అప్పుడే కారు దిగిన రాంచందర్, అంటే రాజక్క తమ్ముడు, గడపలోనే ఆ మాట విన్నాడు. నాలుగేళ్ల కింద ఆయనకు జాండీస్ వచ్చి తగ్గింది. అప్పటినుంచి ఆ జబ్బుకు తానే పెద్ద దిక్కు అనుకుంటాడు.

"జాండీసుకు దవాఖానకు పోతరా ఎవలన్న? నర్సంపేట తొవ్వల మొగిలమ్మ పసరిస్తది. గురువారం, ఐతారం రెండే దినాలు, అది కూడ పది లోపల, పరిగడుపున. ఇయ్యాల గురువారమే. కార్ ఎక్కుండ్రి," అన్నాడు.

"చిన్నాయనా, ముందుగాల పరీక్ష చేయించుకుంట," అంది సుకన్య.

"అవు తమ్మీ, జర డాక్టర్‌కు చూపిచ్చినంక..." అని రాజక్క కూడా నసిగింది.

"అక్కా, ఇయ్యాల తప్పితే మళ్ల ఐతారం దాక ఆగాలె. అప్పటిదాక లివర్ ఆగుతదా? లేకపోతె జాండీస్ కాదా? ఇంకేమన్ననా?"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "జాండీసే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఫోన్ అందుకున్న రమాకాంత్ సగం షట్టర్ దించి వచ్చేశాడు. రెండు దిండ్లు తెచ్చి సుకన్య నడుముకు ఆసరా పెట్టాడు. దారి పొడుగునా ప్రతి గుంతకూ "మెల్లగ మామా" అన్నాడు. రాజక్క అయితే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా తమ్ముడి భుజం పట్టుకుని కారు ఆపించింది. "జాండీసుకు గుంతలేం చేస్తయ్ అక్కా?" అని రాంచందర్ విసుక్కున్నాడు. ఇరవై కిలోమీటర్లకు గంట పైనే పట్టింది. సుకన్య అవేవీ వినలేదు. కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, నెత్తురు లేదు, నొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు అని వేళ్లు ముడుచుకుంటూ కూర్చుంది. పసరు నోట్లో పోసుకున్నట్టు చేసి కొంగులో ఊసేయాలని దారిలోనే నిశ్చయించుకుంది.

అది కుదిరే పని కాదని అక్కడికి వెళ్లాక తెలిసింది. డెబ్బై ఏళ్ల మొగిలమ్మ పందిరి కింద కుండ పెట్టుకుని కూర్చుంది. స్టీలు గ్లాసులో పచ్చటి పసరు పోసి, ఎదుటి మనిషి గుటక మింగి నోరు తెరిచి చూపిస్తేగానీ వదలడం లేదు. పథ్యం పదకొండు రోజులు, ఉప్పు, కారం, నూనె ముట్టొద్దని ప్రతి ఒక్కరికీ చెబుతోంది. సుకన్య వంతు వచ్చింది. గ్లాసు చేతికి వచ్చింది. సాయంత్రం ఆరింటికే పడుకుంటే కలలో వచ్చే ఒక పసిబిడ్డ బరువు, పేరు కూడా పెట్టుకోని ఒక బరువు, ఆమె గుండెల మీద కదిలినట్టయింది. ఇక గుట్టు పోతే పోనీ అనుకుని నోరు తెరవబోయింది.

అంతలో రాజక్క ఆ గ్లాసు గుంజుకుని గటగటా తాగేసింది.

"ఓ పెద్దమనిషీ, అది ఆమెది. నీకెందుకు?" అంది మొగిలమ్మ.

"నాక్కూడ జాండీసే," అని రాజక్క మూతి తుడుచుకుంది.

మొగిలమ్మ ఇంకో గ్లాసు నింపి సుకన్య వైపు చాపింది. ఈసారి రమాకాంత్ అడ్డం వచ్చి అందుకున్నాడు, కళ్లు మూసుకుని తాగాడు. "మీకందరికి ఎప్పుడొచ్చినయ్‌రా?" అని రాంచందర్ బిత్తరపోయాడు. మొగిలమ్మ మాత్రం మూడో గ్లాసు నింపలేదు. సుకన్య చెయ్యి కడుపు మీద ఉండటం చూసింది. "ఎన్ని రోజులైంది బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"యాభై," అంది సుకన్య.

"మరి దవాఖానకు పోక నా తానికెందుకొచ్చిన్రు? కడుపుతోటున్నోళ్లకు నేను చుక్క కూడ ఇయ్య. లేవుండ్రి."

కారు హన్మకొండ దారి పట్టింది. రాజక్కే ముందు నోరు విప్పింది. "నువ్వు చాయ్ పారబోసిన నాడే తెల్సింది బిడ్డా. మొదటిసారి లడ్డూలు పంచి నా నోటితోటి వాడంత చెప్పిన. గందుకే నిలువలేదేమో అని నా పానం కొట్టుకుంటాంది. ఈసారి ఆ మాటనే ఎత్తొద్దని వీనికి కూడ ఒట్టు వెట్టిచ్చిన."

"నువ్వు దినాలు లెక్కవెట్టి క్యాలెండర్ల గీసిన గీతలు నేను చూసిన," అన్నాడు రమాకాంత్, కిటికీ వైపు తిరిగి.

పదకొండు దాటి ఇరవై నిమిషాలకు వాళ్లు డాక్టర్ స్నేహలత దగ్గరికి చేరారు. నల్లటి తెరమీద చిక్కుడు గింజంత చోట ఏదో ఆగకుండా మినుకుమినుకుమంటోంది. "ఇగో, గుండె," అంది డాక్టరమ్మ. సుకన్యకు ఎనిమిదేళ్ల ఏడుపు ఒక్కసారే వచ్చింది. అప్పటిదాకా ఆమె అరికాలు పట్టుకుని నిలబడ్డ రాజక్క ఆ తెరకు దండం పెట్టింది.

"బాగనే ఉంది. ఇమిడేది ఏదైనా కొంచెం కొంచెం తిను. నెత్తురు, నొప్పి, మంచినీళ్లు కూడ ఆగనంత వాంతులు, ఏదున్నా ఓర్చుకోకు, లేచి రా. బయటి మందులేమన్న తాగినవా?"

"నేను తాగలే మేడం," అంది సుకన్య. "వీళ్లు తాగిన్రు."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తల్లీకొడుకులను చూసింది. ఇద్దరికీ లివర్ పరీక్షలు రాసిచ్చింది.

ఇంటికొచ్చాక రాజక్క కోడలి చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లింది. అక్కడ పాత చీర కప్పి ఉన్నది పాతసామాన్లవాడికి పోలేదు. కడిగి, ఎండబెట్టి, నూనె రాసిన టేకు ఉయ్యాల అది. "ఉల్లిగడ్డ వాసన పోవుటానికే నాలుగు దినాలు పట్టింది," అంది రాజక్క. సుకన్య దాన్ని కొంచెం ఊపింది, ఈసారి అత్తగారు చూస్తుండగానే.

మూడో నెల నిండేదాకా బయటికి పొక్కకూడదని నలుగురూ అనుకున్నారు. తాగిన మందు తాగినట్టే కాబట్టి తల్లీకొడుకులు పథ్యం తప్పలేదు. సుకన్య వాళ్లెదురుగా కూర్చుని మామిడికాయ తొక్కుతో సకినాలు తింటుంటే, వాళ్లు ఉప్పు లేని జొన్న గటక మింగారు. లివర్ పరీక్షల్లో ఇద్దరికీ ఏ లోపమూ కనిపించలేదు. ఆ పదకొండు రోజులూ మట్టెవాడ ఆడవాళ్లంతా బత్తాయిలు పట్టుకుని వచ్చి, జాండీస్ ఎలా ఉందని పథ్యంలో ఉన్న రాజక్కనే పరామర్శించారు.