అడవి ఉల్లి మొక్కుబడి

పెనుకొండలో ఆ ఆదివారం పొద్దున ఓబుళప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వెంకటక్క ధర్మవరం పోయి వచ్చేలోగా పెరటి తోటలోని అడవి ఉల్లి మొత్తం పీకేయాలి. చూడటానికి ఉల్లిలా ఉండి, తినడానికి ఎందుకూ పనికిరాని ఆ కలుపు రెండు వానలకే కనకాంబరాల మడి నిండా, మల్లె పాదుల నిండా లేచి కూర్చుంది. పైన ఆకు కోస్తే కింద గడ్డ ఇంకో నాలుగు ఆకులు పంపిస్తుంది.

"సాయంత్రం మా తమ్ముడు రమణను పిలుచుకొస్తాండా," అంటూ వెంకటక్క గడప దిగింది. "వాడు మేస్త్రీ అని తెలుసు గదా? నేనొచ్చేసరికి ఆ గడ్డ ఒక్కటి కనపడినా పెరడంతా బండలు వేపిస్తా. ఆమీదట బండలకు నీళ్లు పోసుకుందువు."

కండక్టరు ఉద్యోగం నుంచి రిటైరైన ఓబుళప్పకు ఆ తోటే ప్రాణం. పొద్దున లేచి ప్రతి మొక్కనూ పలకరించందే కాఫీ దిగదు. అందుకే వెంటనే పార పట్టాడు. కానీ ఒక వరస తవ్వేసరికి నడుము పట్టేసింది. గోడకు ఆనుకుని మూలుగుతుంటే రోడ్డు మీద గొర్రెల మంద కనిపించింది. వెంట కాపరి హనుమంతరాయుడు.

"ఏమప్పా, నీ గొర్రెలు అడివి గడ్డ తింటాయా?"

"రాళ్లొక్కటే తినవన్నా. తక్కినవన్నీ తింటాయి."

ఓబుళప్పకు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. కలుపు పోతుంది, ఎరువు మిగులుతుంది. గేటు బార్లా తెరిచాడు. మొదటి గొర్రె అడవి ఉల్లిని వాసన చూసి, తుమ్మి, పక్కకు తిరిగి కనకాంబరాలు అందుకుంది. తక్కినవీ గొర్రెలే కదా, అదే దారి పట్టాయి. ఓబుళప్ప "హేయ్, హేయ్" అంటూ తువ్వాలు ఊపేలోగా మడి నున్నగా అయిపోయింది. అడవి ఉల్లి ఒక్కటే నిక్షేపంగా నిలబడి ఉంది.

ఆ గోలకు పక్కింటి చౌడక్క గోడ మీంచి తొంగి చూసింది.

"ఓబుళన్నా! ఇన్ని గొర్రెలెందుకన్నా?"

పెళ్లాం బెదిరింపు గురించి చౌడక్కకు చెబితే పెనుకొండ మొత్తానికి చెప్పినట్టే. పరువు పోతుంది. "ఏం లేదమ్మా, సాయంత్రానికి పని ముగించల్ల. మా ఇంట్లో ఆమెకు మాత్రం చెప్పొద్దు," అన్నాడు.

పెరటి నిండా గొర్రెలు, సాయంత్రానికి ముగించాలి, పెళ్లానికి తెలియకూడదు. చౌడక్క మూడూ కలిపి చూసుకుంది. "అమ్మవారికి పొట్టేలు కొట్టి దేవర చేస్తాండావా! అక్క పేరు మీద మొక్కుకున్నావా! ఎంత మంచోడివన్నా!" ఓబుళప్ప నోరు తెరిచేలోగా గోడ మీద తల మాయమైంది.

కాసేపటికే వీధి వీధంతా పెరట్లో ఉంది. మగవాళ్లు గుండిగలు, కట్టెలు మోసుకొచ్చి, మల్లె పాదుల్ని చదును చేసి పొయ్యిలు తవ్వేశారు. ఆడవాళ్లు కత్తిపీటలతో దిగారు. చౌడక్క కన్ను అడవి ఉల్లి మీద పడింది. నిజం ఉల్లిగడ్డలే అనుకుంది.

"మసాలాకు ఎర్రగడ్డలు గూడా ఇంట్లోనే పెంచినాడే! పట్టండి, పీకండి!"

"అవి ఎర్రగడ్డలు కావమ్మా" అనే మాట ఓబుళప్ప నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ఆడవాళ్లంతా నడుం వంచారు. గడ్డలు వేళ్లతో సహా పైకి లేస్తున్నాయి. నిజం చెబితే విందు ఆగుతుంది, కలుపు తీతా ఆగుతుంది. చెప్పకపోతే పొట్టేలు కొనాలి. పొట్టేలు ఒకపూటతో పోతుంది, బండలు జన్మంతా ఉంటాయి. ఓబుళప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఆ మూల గూడా ఉండాయి చూడమ్మా. చిన్నవి గూడా వదలొద్దు. మసాలాకు చిన్నవే రుచి."

అన్నీ పీకడం అయ్యాక చౌడక్క కోయడం మొదలుపెట్టింది.

"ఏమన్నా, ఇన్ని కోసినా కండ్లలో నీళ్లే రాలేదు?" అని, దురద పుట్టిన చేతులు గోక్కుంటూ అనుమానంగా వాసన చూసింది. "ఇది అడివి గడ్డ గదన్నా!"

"అట్లనా!" అన్నాడు ఓబుళప్ప. ఎంత ఆశ్చర్యపోయాడంటే, తనకూ అప్పుడే తెలిసినట్టనిపించింది. కలుపంతా బండికెక్కి ఊరి బయటికి పోయింది. అసలు ఎర్రగడ్డలూ, హనుమంతరాయుడి మందలోంచి బలిసిన పొట్టేలూ కొనేటప్పుడు కన్నీళ్లు వచ్చాయి, ఓబుళప్పకు.

చీకటి పడేవేళకు వెంకటక్క తమ్ముడితో దిగింది. ఇంటి ముందు షామియానా. లోపల బంతి భోజనాలు. పెరట్లోకి తొంగి చూస్తే అడవి ఉల్లి లేదు. కనకాంబరాలూ లేవు. మల్లె ఉండాల్సిన చోట పొయ్యి మండుతోంది. ఆమె అరవడానికి గాలి పీల్చుకునేలోగా ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"నీ పేరు మీద మొక్కంట గదక్కా! నువ్వు సల్లగుండల్లని వీధంతటికీ అన్నం పెడ్తాండాడు! మా ఇంటాయప్ప నాకు మూర పూలు గూడా తేడు!"

వెంకటక్క పీల్చుకున్న గాలిని మెల్లగా వదిలింది. కొంగు సర్దుకుంది. "ఈయప్ప అంతే, చెప్పడు, చేస్తాడు," అంది. ఆ మాటకు ఓబుళప్ప గుండె నిజంగానే పొంగిపోయింది. బతికిపోయాననుకున్నాడు.

రమణ రెండు బంతుల్లో భోంచేసి, చేయి కడుక్కుని, టేపు బయటికి తీశాడు. "అక్కా, బండలు యాడి నుంచి మొదలుపెడదాం?"

"నా పేరు మీద దేవర జరిగిన చోట బండలా?" వెంకటక్క కళ్లెర్రజేసింది. "సిగ్గుల్యా? ఏటేటా దేవరకు పొయ్యిలు ఈడే తవ్వల్ల మేము. అంతే గదయ్యా?" అంటూ మొగుడి వైపు తిరిగింది.

వీధంతా చప్పట్లు కొట్టింది. ఓబుళప్ప పొయ్యి మండుతున్న మల్లె పాదు వైపు చూస్తూ తలూపాడు.

మొత్తానికి తోట దక్కింది, మొక్కలే దక్కలేదు.