రెబెకా లినక్సు దండయాత్ర

వసిష్ఠా వైనతేయ నదుల నడుమ, నారికేళచ్ఛాయాశీతలమైన రాజోలు సీమలో, వానాకాలపు ఆదివారం పూట, ఆడవాళ్లు పొయ్యి మీది మాంసం కూరకు మూతపెట్టి మరీ ప్రార్థనకు చేరుకున్న శుభసమయాన జరిగిన ఘోరసంగ్రామం వినండి తల్లులారా.

పాటల మాటలను మందిరం గోడ మీద చూపించే ల్యాప్‌టాప్ ముందురోజు వానకు తడిసి వీరమరణం పొందింది. గోడ మీద మాటలు పడకపోతే సంఘపెద్ద పాపారావుగారు లేస్తారు. ఒక్కొక్క పాదం తాను పాడి అందరిచేతా అనిపిస్తారు. శ్రుతిలయవిధ్వంసకమూ పావురపలాయనకారకమూ అయిన ఆ కంఠనాదానికి పోయిన క్రిస్మస్‌లో మైకే మూర్ఛపోయింది.

అప్పుడు లేచింది గాయకబృందనాయిక, ధీరచిత్త, రెబెకా. వాళ్లన్న మస్కట్ నుంచి పంపిన అరచేతి వీడియోగేముల ఆటపెట్టె ఆమె ఆయుధం. ఫోనుకు పట్టని ప్రొజెక్టరు తీగ దానికి పడుతుంది గాని, ఆటలు తప్ప అది పాటలెరగదు. అందుకని శనివారం రాత్రంతా కూర్చుని, పెద్ద కంప్యూటర్లు మోయవలసిన లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమును డెస్క్‌టాప్ సహితంగా, సపరివారంగా, ఆ పిడికెడు పెట్టెలోకి ఎక్కించింది. పిచ్చుక వీపున బియ్యంబస్తా పెట్టినట్టయింది.

ఆదివారం మందిరంలో మీట నొక్కగానే నల్లని తెర మీద తెల్లని అక్షరసేనలు దొర్లిపోసాగాయి. పెట్టె పెనంలా కాగింది. ముందువరుసలోని సుందరమ్మగారు తాటాకు విసనకర్ర తీసి దానికి విసరసాగింది.

“ఇంకా ఎంతసేపే? ఆయన గొంతు సవరించుకుంటన్నాడు.”

“ఆయ్, వచ్చేస్తందండి పిన్నిగారూ. కాస్త గట్టిగా విసరండి.”

“రాకపోతే నేనున్నాను కదమ్మా,” అన్నారు పాపారావుగారు ఆప్యాయంగా. “పుస్తకం కూడా అక్కర్లేదు. చరణాలన్నీ నోటికే.”

“అదేనండి భయం,” అంది సుందరమ్మ విసనకర్ర చాటున.

రెబెకా పెట్టెను కళ్లెదుటికెత్తి పలికింది: “ఓ అల్పస్మృతీ, మందగమనా, వృథాచక్రభ్రమణలోలా, ఈ సంఘపు కర్ణపుటాల రక్షణభారం నీదే. లే. లేవకపోతే కార్గోలో మస్కట్ పోతావు.”

బెదిరిందో, చల్లబడిందో గాని, డెస్క్‌టాప్ ప్రత్యక్షమైంది. ఆటల మీటతో బాణపుగుర్తును నత్తలా నడిపించి, ఆమె పాట తెరిచింది. గోడ మీద పల్లవి వెలిగింది. అంతే, యంత్రం కొయ్యబారింది. చరణాలు రాలేదు.

జనం పల్లవి పాడారు. చరణం మొదలయ్యే సందులో పాపారావుగారు లేచి నోరు తెరిచారు. ఆ సందే ఆయన సింహద్వారమని ఎరిగిన రెబెకా, డోలక్ వాయించే రవికుమార్‌కు కనుసైగ చేసింది. దెబ్బ ఆగలేదు, ఆమె పల్లవి మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ సందు, మళ్లీ నోరు, మళ్లీ పల్లవి. పిల్లలు చప్పట్లందుకున్నారు, ముసలమ్మలు ఊగిపోయారు. చివరికి, తెరిచిన నోరు ఊరికే పోనివ్వడమెందుకని కాబోలు, పాపారావుగారూ జనంలో కలిసి ఆ పల్లవే పాడారు.

పాస్టరుగారు ఆమెన్ అన్నారు. ఆ విధంగా లినక్సు మహాసామ్రాజ్యం రాజోలు గోడ మీద ఒక్క పల్లవి మేర స్థాపితమైంది. చరణాలన్నీ పాపారావుగారి కడుపులోనే క్షేమంగా ఉన్నాయి. జనం కూర మాడకముందే ఇళ్లకు చేరారు.